వలతాడు కట్టిన పెళ్లికారు

పొలాలు పోయాయి, పాత ఇల్లూ మునసబుగిరీ పోయాయి, కారు మాత్రం మిగిలింది. తాతగారు కొన్న తెల్ల అంబాసిడర్. నాగాయలంకకు ఆనుకుని ఉన్న మా ఊళ్లోనూ, చుట్టుపక్కల లంకల్లోనూ ఎవరింట పెళ్లయినా పెళ్లికొడుకు ఆ కారులోనే వెళ్లాలి. నాన్నగారే నడపాలి. కిరాయి మాట ఎవరూ ఎత్తేవారు కాదు. తాంబూలం పట్టుకొచ్చి అడిగేవారు. ఆయన అందుకుంటే మాట ఇచ్చినట్టే. స్టీరింగు మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవారు కాదు, నాదైనా సరే. గుడివాడలో ఒక రైసుమిల్లులో గుమాస్తాగా చేస్తూ, ముప్ఫయ్యేళ్లు దాటినా నేను కారు నడపడం నేర్చుకోలేదు. అందుకు నాకు చింతా లేదు. ఆ సీటు ఆయనది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక మాఘమాసంలో, నాన్నగారు ఒక పెళ్లికొడుకును బందరు తీసుకెళ్లారు. పగటి ముహూర్తం. భోజనాల దగ్గర పెళ్లివారు గ్లాసు చేతికిచ్చారు. మర్యాదగా ఇచ్చినది కాదనడం ఆయనకు తెలియదు. తిరుగు ప్రయాణంలో ఒక్కరే ఊరు దాటుతుండగా పోలీసులు కారు ఆపారు.

"ఇందులో ఊదండి సార్," అన్నాడట ఎస్సై, చిన్న గొట్టం ముందుకు చాపి.

"ఊదడం దేనికి? తాగాను."

"ఊదితేనే గదండీ తెలిసేది."

"నేను చెప్పాక కూడా తెలియలేదా మీకు?"

మిల్లుకు ఫోను వస్తే బస్సెక్కి బందరు చేరాను. ఆ సాయంత్రం ఇప్పటికీ నాకు నీళ్లలోంచి చూసినట్టు కనిపిస్తుంది. స్టేషను వరండాలో ఏటవాలు ఎండ, ఆ ఎండలో తేలుతున్న దుమ్ము, బల్ల మీద నాన్నగారు. వీపు వాల్చకుండా, ఎవరి ఫిర్యాదో వినడానికి వచ్చినట్టు కూర్చున్నారు. కానిస్టేబులు ఆయన ముందు నిలబడే టీ తాగుతున్నాడు.

నాన్నగారి మేనత్త కొడుకు బందరులోనే వకీలు. ఆయన వచ్చి జామీను రాసి విడిపించి, తన ఇంటికి తీసుకెళ్లాడు.

"బావా, నువ్వు గొట్టంలో ఊదలేదు," అన్నాడు కుర్చీ దగ్గరికి లాక్కుని. "వాళ్లు నిన్ను డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లలేదు, రక్తమూ తియ్యలేదు. తాగానని పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. ఇంక రుజువేముంది? కేసు పిలిచిన రోజు కోర్టులో నోరు విప్పకు, చాలు. అది నీ హక్కు."

"అబద్ధమాడమంటావు."

"ఊరుకోమంటున్నాను. ఊరుకుంటే అబద్ధమెట్లా అవుద్ది?"

"మా నాన్న అరుగు మీద తీర్పు చెప్పేటప్పుడు, ఎదుటివాడు ఊరుకుంటే అదీ అబద్ధమేననేవాడు, నీకు తెలుసు."

"ఆ అరుగు మీద ఇప్పుడు రొయ్యల మేత బస్తాలున్నయ్ బావా. కొన్నవాడు గోడౌను చేశాడుగా." వకీలు నవ్వలేదు. "తప్పొప్పుకుంటే ఆర్నెల్లు లైసెన్సు పోద్ది. వైశాఖంలో పెళ్లికి తాంబూలం పుచ్చుకున్నావంటగా. ఆ కారెవరు తోల్తారు?"

కోర్టులో నిజం చెబితే పెళ్లివారికిచ్చిన మాట పోతుంది. ఆ మాట నిలవాలంటే కోర్టులో ఊరుకోవాలి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన మాత్రం హాయిగా పడుకున్నారు. మర్నాడు కారు ఆయనే నడుపుకుంటూ ఇంటికి తెచ్చారు. తీర్పు రాలేదు కాబట్టి లైసెన్సు ఇంకా ఆయన దగ్గరే ఉంది.

కొన్ని వారాలకు మేజిస్ట్రేటు అడిగారు. "తాగాను, నడిపాను," అన్నారు నాన్నగారు, సాక్షి ఊరి పేరు చెప్పినంత తేలిగ్గా. వకీలు కళ్లు మూసుకున్నాడు. ఆర్నెల్ల పాటు లైసెన్సు రద్దు. నాన్నగారు జేబులోంచి దాన్ని తీసి, పంచె చెంగుతో ఒకసారి తుడిచి కోర్టు గుమాస్తాకు ఇచ్చారు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన దారంతా బయటికే చూశారు. కాలవ మాతో పాటే వస్తోంది. చేలల్లో పొగమంచులాంటిదేదో లేస్తోంది. ఆ రోడ్డును ప్రయాణికుడిగా ఆయన ఎప్పుడూ చూసి ఉండరు.

బస్సు దిగి తిన్నగా తాంబూలమిచ్చిన పెళ్లివారింటికి వెళ్లారు. వాళ్లు సముద్రంలో వేటాడే కుటుంబం. పెళ్లికొడుకు తండ్రి వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు.

"లైసెన్సు పోయింది. మాట తప్పాల్సొచ్చింది," అన్నారు నాన్నగారు నిలబడే. "తాంబూలం తిరిగిచ్చెయ్యాలి."

"ఎనక్కి తీసుకుంటే అరిష్టం బాబుగారూ. డ్రైవర్ని ఎవర్నన్నా పెట్టండి."

"ఆ సీట్లో అద్దె మనిషి కూర్చోడు."

అరుగు మీద చేపలు తోముతున్న పెళ్లికొడుకు నాయనమ్మ తలెత్తింది.

"ఇంజనెందుకురా మీకు? సముద్రంలోంచి అలివి వల లాగేవోళ్లు, కారు లాగలేరంట్రా? సిగ్గు లేకపోతే సరి."

అలివి వలంటే ఒడ్డున నిలబడి ఊరంతా కలిసి లాగే పెద్ద వల. కొడుకు చేతిలోని వల వదిలేసి నవ్వాడు. నాన్నగారు నవ్వలేదు. "స్టీరింగు?" అన్నారు.

"అబ్బాయిగారు కూకుంటారు," అంది ముసలమ్మ నావైపు చూసి. "ఆయన తిప్పక్కర్లేదు, తాడే తిప్పుద్ది."

నాన్నగారు నన్ను పైనుంచి కిందికి చూశారు. ఏమీ అనలేదు. అదే ఒప్పుకోలు.

వైశాఖంలో ఆ సాయంత్రం మా వాకిట్లోంచి కారు కదిలింది. ముందు బంపరుకు రెండు వలతాళ్లు, ఒక్కో తాడు పట్టుకుని వరసగా మనుషులు. వెనక సీట్లో పెళ్లికొడుకు, బాసికం జారకుండా పట్టుకుని. చక్రాల కింద ఇసుక నలుగుతున్న చప్పుడు తప్ప కారులో ఏ చప్పుడూ లేదు. ఇంజను ఆగిన ఆ కారు పడవలా తేలుతూ పోతున్నట్టుంది. లాగేవాళ్ల పాట అలలా లేచినప్పుడు కారు ముందుకు జరుగుతుంది, తగ్గినప్పుడు కాస్త ఆగుతుంది. నా చేతులు ఊరికే స్టీరింగు మీద ఉన్నాయి. ఉప్పుగాలికి బానెట్ మీద బంతిపూలు ఊగుతున్నాయి. వాటి పక్కన, బానెట్ మీద అరచెయ్యి వేసి, నాన్నగారు నడుస్తున్నారు. గట్టు మీద నిలబడ్డ ఆడవాళ్లు కారును కాదు, ఆయన్ని చూస్తున్నారు. ఆయన వీపు మాత్రం వంగలేదు.

పెళ్లికి వచ్చిన వకీలు కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. "ఒరే, దీనికి ఏ లైసెన్సు కావాలో నాకూ తెలీదు. ఎవరన్నా పట్టుకుంటే కేసు నాకే ఇవ్వు."

పెళ్లికూతురి వాకిట్లో ఎవరో గ్లాసు తెచ్చారు. "ఇయ్యాల పుచ్చుకోవచ్చు బాబుగారూ, తమరు తోలట్లేదుగా."

నాన్నగారు గ్లాసు అందుకుని తాళ్లు లాగినవాళ్లలో అందరికన్నా పెద్దవాడికిచ్చారు. తనకు మంచినీళ్లు అడిగారు.

ఆర్నెల్లకు లైసెన్సు తిరిగొచ్చింది. ఆ తర్వాత మళ్లీ తాంబూలాలు వచ్చాయి. తాళ్లు లాగినవాళ్ల పేటనుంచి వచ్చినవాళ్లు మాత్రం నీళ్లు నమిలారు. "మావాళ్లు తాడుతోనే లాగుతామంటన్నారండి," అన్నారు. నాన్నగారు సరేనన్నారు. ఆ పెళ్లిరోజున లైసెన్సు జేబులో పెట్టుకుని, బానెట్ మీద చెయ్యి వేసి, కారు పక్కన నడిచారు.