బదులు చెప్పినవాళ్లకు దోసెడు కాయలు

నీళ్లు చిలకరించిన శనక్కాయ బొటనవేలి కింద టప్పుమని పగిలినప్పుడు ఒక పచ్చి మట్టివాసన వస్తుంది. ఈ ఉదయం అమ్మ విత్తనం కాయలు ఒలవడానికి కూర్చోగానే ఆ వాసన నన్ను తాకింది. దాని వెనకే సరోజ మేడం నవ్వు కూడా వినిపించినట్టయింది.

తొంభైల చివర్లో మేడం గుత్తి నుంచి బదిలీ మీద కుందుర్పి దగ్గరున్న మా ఊరి బడికి వచ్చి, మా ఇంటి పక్క గదిలో అద్దెకు దిగారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం బడిగంటకన్నా పెద్దది. ఆమె నవ్వితే కొట్టంలో ఎద్దులు కూడా తలెత్తి చూసేవి. అప్పటికి మా చెల్లెలు గౌరికి ఎనిమిదేళ్లు. దానిది డౌన్ సిండ్రోమ్ అని అనంతపురం డాక్టరు చెప్పాడు గానీ, అదేమిటో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. కడుపుతో ఉండగా గ్రహణం నాడు బయటికి పోయిందని అవ్వ మా అమ్మనే అనేది. ఆ మాట చెవిన పడిన రోజే మేడం వచ్చి అవ్వ ముందు చతికిలబడ్డారు.

“గ్రహణమూ కాదు, కోడలి తప్పూ కాదవ్వా. మన ఒంట్లో క్రోమోజోములని ఉంటాయి, కంటికి కనపడనంత సన్నవి. గౌరికి పుట్టుకతోనే ఒకటి ఎక్కువుండాది. దానివల్ల నేర్చుకునేది నిదానమైతాది. అంతే.”

“ఎక్కువుంటే మంచిదే గదమ్మా!” అంది అవ్వ. మేడం పగలబడి నవ్వారు. అమ్మ మాత్రం వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లకు ఆమె నెత్తి మీది నింద దిగింది.

నాయన బాధ వేరు. గౌరి బడికి పోతుందే గానీ, ఏమడిగినా నోరు విప్పదు. “విత్తనం పడేలోగా నాలుగు మాటలు మాట్లాడితే సరి. లేకుంటే బడి మాన్పించి అవ్వకాడ పెడతా మేడం,” అని తేల్చేశాడు. గౌరికి బడంటే ప్రాణం. ఆదివారం కూడా సంచి తగిలించుకుని వాకిట్లో నిలబడేది.

అది విత్తనం కాయలు ఒలిచే కాలం. సాయంత్రం అందరం చేటల చుట్టూ చేరితే మేడం కూడా వచ్చి కూర్చునేవారు. గౌరికి నోటితో చెప్పకుండా చేసి చూపించారు: గుండు విత్తనం ఈ చేటలో, రెండు బద్దలుగా విడిపోయింది ఆ చేటలో. బద్ద మొలవదు కదా. కొద్దిరోజుల్లోనే గౌరి ఏరిన విత్తనంలో వెతికినా బద్ద దొరికేది కాదు. “విన్నదానికన్నా చూసింది దీనికి బాగా పట్టుబడతాది. ఎదురుగా కూర్చోని, ఒక్కొక్కటే చెప్పండి,” అన్నారు మేడం. అక్షరాలు కూడా అలాగే, బొమ్మల పక్కన రాసి చూపించేవారు.

ఒక సాయంత్రం ఆమె, “గౌరీ, ఈ పొద్దు ఏం తిన్నావు?” అని అడిగారు.

“సంగటి,” అన్నాను నేను. “చెనిగిత్తనాల చట్నీ,” అంది అవ్వ. “రొవ్వంత మజ్జిగ గూడా,” అన్నాడు నాయన.

మేడం చేతిలోని కాయ చేటలో పడేశారు. “ఏమప్పా, మీరంతా కలిసి దాని నోరు కట్టేసినారే! అది మాట ఎతుక్కునేలోపల మీరే చెప్పేస్తాండారు. దానికి రొవ్వంత టైము గావాల. ఇంక దాని బదులు ఎవరు మాట్లాడినా దోసెడు కాయలు జరిమానా.”

అందరికన్నా నష్టపోయింది అవ్వే. నోరు ఊరుకోక, ఆ ఏడు విత్తనం చాలావరకు ఆమే ఒలిచింది. మేడం మాత్రం గౌరిని ఏదైనా అడిగి, నిదానంగా ఒక కాయ ఒలిచేవారు. జవాబు రాకపోతే ఇంకోటి. అలా మేడం దగ్గర గౌరికి మాటలు వచ్చాయి. నాయన ముందు మాత్రం బిగుసుకుపోయేది. అడిగీ అడగకముందే ఆయన కసురుకునేవాడు మరి.

వాన పడింది. తెల్లవారగానే నాయన ఎద్దులను కట్టి, “విత్తనం మూట యాడుండాది?” అని కేకేశాడు. ఇల్లు కురుస్తుంటే దాన్ని జరిపిపెట్టింది గౌరి. “యాడ పెట్టినావు గౌరీ?” అని నాయన గద్దించాడు. అదెక్కడ పెట్టిందో చూసిన అవ్వ నోరు తెరిచి, జరిమానా గుర్తొచ్చి చేత్తో మూసుకుంది. నాయన మళ్లీ అరవబోయి, గడప దగ్గర నిలబడిన మేడంను చూశాడు. అవతల చేలో విత్తడానికి కావలసిన తడి, పదును ఆరిపోతోంది. అయినా మిగిలిన కాయల చేట ముందు కూర్చుని ఒక కాయ ఒలిచాడు. ఇంకోటి ఒలిచాడు. మరొకటి చేతిలోకి తీసుకున్నాడు.

“మంచం కింద, నాయనా,” అంది గౌరి.

నాయన మూట సంగతి మరిచిపోయి, కొక్కేనికున్న బడి సంచి తీసి గౌరి భుజానికి తగిలించాడు. “బడికి టైమైతాండాది, పో,” అన్నాడు. మేడం నవ్వుతూనే కొంగుతో కళ్లద్దుకున్నారు.

తర్వాత మేడం బదిలీ అయి వెళ్లిపోయారు. గౌరి నిదానంగానే చదువుకుంది. ఇప్పుడు బస్సు బోర్డులు చదివి అమ్మను ఎక్కిస్తుంది. నేను కూడా టీచర్నయ్యాను. తరగతిలో ఎవరినైనా ప్రశ్న అడిగాక నా బొటనవేలు దానంతటదే కదులుతుంది, లేని కాయ ఒలుస్తున్నట్టు.

అంతా వంటబట్టిందనే అనుకున్నాను. ఈ ఉదయం పక్కింటామె వచ్చి, “మీ యక్క ఎప్పుడొచ్చింది గౌరీ?” అని అడిగింది.

“నిన్న సాయంత్రం,” అన్నాను నేను.

గౌరి నావైపు చూసింది. తాపీగా దోసెడు కాయలు తీసి నా చేటలో పోసింది.

“ఒలువక్కా,” అంది.