పిడికెడు యూరియా

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఆ రోజుల్లో నాకూ ఉండేది కాదు. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం కొత్తగా వచ్చింది. వనస్థలిపురంలోని మా ఇంటి నుంచి రోజూ బస్సులో వెళ్లి రావచ్చన్నది నాన్న వాదన. బస్సులో నిలబడి వెళ్లి, క్లాసులో నిలబడి పాఠం చెప్పి, మళ్లీ బస్సులో నిలబడి రావడం నావల్ల కాదన్నది నా వాదన. చివరికి నాన్న, "మూడు నెలలు చూద్దాం. నిన్ను నువ్వు చూసుకోగలవనిపిస్తే సరే, లేకపోతే సామాను సర్దుకుని వచ్చెయ్యి" అన్నారు. అలా అక్కడ ఒక మేడమీద గదిలో దిగాను.

కింద ఇంటివాళ్లు ఉండేవారు. యాచారం వైపు వాళ్లకు పొలం ఉంది. ఇంటావిడను అందరిలాగే నేనూ పెద్దమ్మా అని పిలిచేదాన్ని. గదిలో నాకు బాగా నచ్చింది కిటికీ. దాని ఇనప గ్రిల్లు బయటికి పొడుచుకొచ్చి ఉండేది. అందులో సరిగ్గా పట్టే పొడుగాటి తొట్టి ఒకటి సంపాదించాను. ఫోన్లో చూసి నేర్చుకున్న పద్ధతి ప్రకారం వెనక ఎత్తుగా సీతజడ, మధ్యలో గుబురుగా బంతి, చామంతి, ముందు అంచు మీంచి వేలాడేలా నాచుపూలు పెట్టాలని నిర్ణయం. సాగర్ రోడ్డు మీది నర్సరీ నుంచి మొక్కలతోపాటు ఒక సంచి కూడా మోసుకొస్తుంటే పెద్దమ్మ గేటు దగ్గరే ఆపింది.

"సంచిల ఏముంది బిడ్డా?"

"మట్టి, పెద్దమ్మా."

ఆవిడ సంచిని చూసింది, ఇంటి చుట్టూ ఉన్న నేలను చూసింది, నన్ను చూసింది. "మట్టి కొనుక్కొచ్చినవా? అవ్ మల్ల, మనకాడ మట్టి యాడిది!"

నెల తిరిగేసరికి తొట్టి నిండుగా రంగులు తేలింది. ఫోటో తీసి మా కుటుంబం గ్రూపులో పెట్టి, "మొక్కల్నే ఇంత బాగా చూసుకుంటున్నాను, నన్ను నేను చూసుకోలేనా?" అని కింద రాశాను. (ఆ ముక్క రాయకుండా ఉంటే నా జీవితం ప్రశాంతంగా ఉండేది.) వెంటనే మా అత్తయ్య, అంటే నాన్నకు అక్క, ఫోన్ చేసింది. "వచ్చే ఆదివారం వస్తున్నానే, నీ పూలు చూడాలి." చూడబోయేది పూలను కాదని నాకు తెలుసు. అత్తయ్య ఏం చెబితే నాన్న అదే చేస్తారు.

వారం టైముంది. పూలు ఇంకాస్త ఎక్కువ పూస్తే బాగుంటుందనిపించింది. మెట్ల కింద పొలానికి తెచ్చిన యూరియా బస్తా కనిపించింది. అడిగితే పెద్దమ్మ "జరంత తీస్కో" అంది. జరంత అంటే ఎంత? నేను కెమిస్ట్రీ మనిషిని. ఎకరానికి ఎంత వేస్తారో కనుక్కుని, ఎకరాన్ని నా తొట్టికి కుదించి, కాగితం నిండా లెక్క చేసి, పిడికెడు వేశాను. దశాంశ బిందువు పక్కకు జరిగిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మొక్కలకు వెంటనే తెలిసింది. శుక్రవారానికి ఆకుల అంచులు ఎర్రబారాయి. శనివారానికి తొట్టి మొత్తం మాడిన పోపులా ఉంది.

ఆదివారం పొద్దున్నే బస్టాండు దగ్గరి పూల కొట్టుకి పరిగెత్తి, పొడుగు కాడలున్న చామంతులు పసుపు, తెలుపు, ఊదా రంగుల్లో తెచ్చి, ఎండిన మొక్కలు పీకేసి వరసగా మట్టిలో గుచ్చాను. దూరం నుంచి చూస్తే పెళ్లి మండపంలా ఉంది. (దగ్గర్నుంచి చూసినా అలాగే ఉంది, అదే చిక్కు.)

అత్తయ్య వచ్చింది. చుట్టాన్ని పలకరిద్దామని పెద్దమ్మ కూడా మేడ మీదికి వచ్చింది. "ఎంత బాగా పూశాయే! ఒకటి తల్లో పెట్టుకుంటాను" అంటూ అత్తయ్య ఒక చామంతిని తుంచబోయింది. అది తెగకుండా కాడంతా చేతిలోకి వచ్చేసింది. అత్తయ్య దాని కొసను కళ్లద్దాల దగ్గర పెట్టుకుని చూసింది.

"దీనికి వేరు ఏదే?"

వెంటనే పెద్దమ్మ అందుకుంది. "మా దిక్కు గట్లనే నాటుతరక్కా. ముందుగాల పూలు పూస్తయ్, వేర్లు మెల్లగ వస్తయ్."

అత్తయ్య ఆవిడ ముఖం చూసింది. ఆ ముఖంలో ఒక్క గీత కదల్లేదు. అంతే, అత్తయ్య మంచం మీద కూలబడి కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. నాకు మాత్రం నిజం కన్నీళ్లే వచ్చాయి. యూరియా సంగతి, లెక్క సంగతి అంతా చెప్పేశాను.

"పిడికెడా!" పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "గంత ఏస్తే మా మక్కచేను గూడ మాడిపోతది బిడ్డా!"

సామాను సర్దుకోవడమే మిగిలిందనుకున్నాను. అత్తయ్య నా ఎదుటే నాన్నకు ఫోన్ చేసింది. "ఒరేయ్, పూలు చచ్చాయిరా. పిల్ల బానే ఉంది. కింద ఒకావిడ ఉంది, దీని కోసం ఎంత బాగా అబద్ధం ఆడిందో తెలుసా! ఇక దీన్ని ఇక్కడే ఉండనీ."

మరుసటి వారం పెద్దమ్మ పొలం నుంచి మట్టి, మాగిన పెంట ఎరువు, కాగితం పొట్లంలో బంతి గింజలు తెచ్చింది. నాటేటప్పుడు నా చేతిలో కాగితం, పెన్ను లేవని చూసుకుని మరీ గింజలిచ్చింది. దసరా ముందుకల్లా తొట్టి అంచు కనిపించకుండా బంతి విరగబూసింది. బతుకమ్మ రోజు పెద్దమ్మ పళ్లెం పట్టుకుని వచ్చి "కోస్తున్న" అంది, అడగలేదు. ఇద్దరం కలిసి ఒక్క పువ్వు మిగల్చకుండా కోశాం.

ఆ సాయంత్రం నేనూ అడుగులు తప్పుతూ, చప్పట్లు తప్పుతూ అందరితో తిరిగాను. అన్ని బతుకమ్మల్లోనూ బంతులే, నావి ఏవో పోల్చుకోలేకపోయాను. అయినా పక్కనున్న ఒకావిడకు అన్నిటికంటే పెద్ద బతుకమ్మను చూపించి, "ఆ పూలు నేను పెంచినవే" అన్నాను. ఆమె నమ్మిందో లేదో కానీ, "మస్తున్నయ్" అని నా భుజం తట్టింది. తర్వాత ఉద్యోగంలో రెండు ప్రమోషన్లు వచ్చాయి. ఆ ఇరవై మూడేళ్ల పిల్ల ఆ సాయంత్రం గర్వపడినంతగా నేను మళ్లీ ఎప్పుడూ గర్వపడలేదు.