మామా వాళ్ళ నెల మొదలు

నిన్న మోకాలు చూపించుకోవడానికి ఆసుపత్రికి బయలుదేరుతుంటే, మా కోడలు గోడ మీది క్యాలెండరు చూసి, "అమావాస్య అత్తయ్యా, ఎల్లుండి ఎల్దాం" అంది. పాపం, నా మంచికే అంది. నేను మాత్రం ఆ పిల్ల మీద ఇంతెత్తున లేచాను. ఆటో ఎక్కాక గానీ నా కోపం ఎవరి మీదో నాకు తెలియలేదు.

తొంభైల్లో నేను బహ్రెయిన్‌లో, మనామాలో ఒక యూదు ముసలావిడ ఇంట్లో పనిచేసేదాన్ని. అక్కడ ఇంటి యజమానురాలిని అమ్మా అన్నట్టు మామా అంటారు; నేనూ ఆవిణ్ణి అలాగే పిలిచేదాన్ని. ఆ ఊళ్ళో యూదుల ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మనం అమావాస్యంటే భయపడతాం. వాళ్ళకు అది దాటగానే కొత్త నెల, పండగ. ఆ సాయంత్రం మామా గాజుగ్లాసులో నీళ్ళ మీద నూనె పోసి వత్తి వెలిగించేది. మొదటిసారి చూసినప్పుడు ఏదో దిష్టి తీస్తోందనుకుని నేను వంటింట్లోకి తప్పుకున్నాను. మర్నాడు ఆడవాళ్ళు కుట్టుపని చేయరు, బట్టలు ఉతకరు. నాకూ అదే చట్టం. అలవాటు కొద్దీ నేను బకెట్టు అందుకుంటే లాగేసుకుని, "ఖలాస్! నువ్వు ఆడదానివి కాదా? కూర్చో" అని ఖర్జూరాలు చేతిలో పెట్టేది. మా అమ్మ కూడా నన్నలా కూర్చోబెట్టి ఎరగదు.

అలాంటి ఒక సాయంత్రం, దీపం వెలిగించే వేళకు మా ఊరి నుంచి ఫోను వచ్చింది. నన్ను పెంచిన అక్కకు ప్రాణం మీదికి వచ్చిందట, నన్నే కలవరిస్తోందట. మామా బీరువా తీసి నా పాస్‌పోర్టు ఇచ్చేసింది. మర్నాటికి టికెట్టు దొరుకుతుందని వాళ్ళబ్బాయి చెప్పాడు.

"యల్లా, రేపే పో. నెల మొదలు, మంచి రోజు" అంది మామా.

"రేపు పాడ్యమి మామా. మావోళ్ళు గడప దాటరు. ఎల్లుండి ఎల్తాను."

ఆవిడ నా మొహంలోకి చూసి, "అక్క ఆగుతుందా?" అంది.

"ఆగుద్ది మామా" అన్నాను.

పాడ్యమంతా చేతులు కట్టుకుని కూర్చున్నాను. పెట్టె కూడా సర్దలేదు. విదియ నాడు ముహర్రక్ విమానాశ్రయంలో విమానం ఎక్కాను. నేను ఏరుకున్న ఆ మంచి రోజునే, నేను ఆకాశంలో ఉండగా, అక్క పోయింది. ముందురోజు బయలుదేరి ఉంటే ఆ పొద్దుటికే దాని పక్కన ఉండేదాన్ని. చివరిదాకా గుమ్మం వైపే చూసిందట.

వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వక, ఇంటికి పోలేక ఏడ్చిన ఆడవాళ్ళను అక్కడ చాలామందిని చూశాను. వాళ్ళకు తిట్టుకోవడానికి ఒక మనిషైనా ఉన్నాడు. నాకు అడ్డం వచ్చినవాళ్ళెవరూ లేరు. మంచి రోజు కోసం నేను ఏరుకుంటూ కూర్చున్నాను; అక్క దగ్గర ఏరుకునేటన్ని రోజులు లేవు.