బ్యాంకు ఎత్తేస్తున్నారట

కుటుంబరావుకి భయం లేనిదల్లా ఒక్క పరాయి డబ్బు దగ్గరే. మిగతా అన్నిటికీ భయమే. కుక్కంటే భయం, కరెంటు బిల్లంటే భయం. ముక్త్యాల వైపు నుంచి సిమెంటు లారీ వస్తోందంటే సైకిలు దిగి రోడ్డు వారకి పోయి నిలబడేవాడు. అలాంటి మనిషి జగ్గయ్యపేట బజారంతా తిరిగి, కొట్టు కొట్టుకీ రోజూ పదో ఇరవయ్యో వసూలు చేసి, సాయంత్రానికి పైసాతో సహా కో-ఆపరేటివ్ బ్యాంకులో కట్టేవాడు. దాన్ని పిగ్మీ డిపాజిట్ అంటారు, వసూలు చేసినవాడికి బ్యాంకు కమీషనిస్తుంది. ఈయన్ని పిగ్మీగారు అనేవారు. మనిషి పొట్టి కూడానూ, పేరు అతికినట్టు సరిపోయింది. ఇన్నేళ్లలో ఒక్క రూపాయి తేడా రాలేదు. జనం బ్యాంకుని నమ్మారంటే ఈయన్ని చూసి నమ్మారన్నమాట.

అది 2002 ఎండాకాలం. హైదరాబాదులో కో-ఆపరేటివ్ బ్యాంకులు మునిగాయనీ, దాచుకున్నవాళ్లు తాళాలేసిన తలుపుల ముందు గుండెలు బాదుకుంటున్నారనీ పేపర్లో చదివి ఊళ్లో అందరూ బెదిరిపోయి ఉన్నారు. అలాంటి రోజుల్లో మాట ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని అనాలి! ఈ మహానుభావుడు బస్టాండు దగ్గర రత్నమణి టిఫిన్ బండి పక్కన నిలబడి, నోట్లో ఇడ్లీ పెట్టుకుని అన్నాడు కదా:

"వచ్చే వారం మన బ్యాంకు ఇక్కణ్ణించి ఎత్తేస్తున్నారమ్మా."

ఆయన ఉద్దేశం, చిల్లకల్లు రోడ్డులో కట్టిన కొత్త బిల్డింగులోకి మారుస్తున్నారని. కాపురం ఎత్తేశారంటే ఇల్లు మారారనేగా. మరి దుకాణం ఎత్తేశారంటే? అది ఆలోచించలేదు. రత్నమణి చేతిలో గరిటె ఆగిపోయింది. పక్కన తింటున్నవాళ్లు ప్లేట్లు కింద పెట్టేశారు. ఈయనకి కారప్పొడి కొరబోయి దగ్గు అందుకుంది. దగ్గి, కళ్లు తుడుచుకుని, "అంటే బిల్డింగు మారుస్తున్నారని" అనేసరికి వినడానికి మిగిలింది రత్నమణి ఒక్కతే. మిగతా వాళ్లు అప్పటికే బజార్లో ఉన్నారు.

మర్నాడు బ్యాంకు తలుపులు తీయకముందే వరస మందుల షాపు దాకా పోయింది. బయల్దేరుతున్న కుటుంబరావుని భార్య దుర్గాంబ గుమ్మంలోనే ఆపింది.

"ఏవండీ, ముందు మన డబ్బు తెచ్చి ఇంట్లో పెట్టి, ఆ తర్వాత ఊరిని ఉద్ధరించండి."

"నేనే తీశానంటే ఇంకెవరూ ఆగరే. బ్యాంకు సాయంత్రానికి చస్తది."

దుర్గాంబ మరేమీ అనలేదు. అనలేదు కదా అని ఆయన ఊరుకోవడమే పొరపాటు.

మేనేజరు వరప్రసాదరావు విజయవాడకి ఫోన్ చేసి క్యాష్ తెప్పించాడు. డబ్బు చూస్తే జనం కుదుటపడతారని ఆయన ఆశ. జీపులోంచి తుపాకులు పట్టుకున్నవాళ్లు దిగారో లేదో, "మేనేజర్ని పట్టుకుపోవడానికి పోలీసులొచ్చార్రోయ్!" అని ఎవడో కేకేశాడు. అంతే, వరస కాస్తా తొక్కిసలాట అయిపోయింది. అద్దం పగిలింది. వరప్రసాదరావు చొక్కా తడిసి ముద్దయింది. కుటుంబరావు చెయ్యి పట్టుకుని, "మీ మాటైతే వింటారండీ, మీరు చెప్పండి" అని బతిమాలాడు.

పిగ్మీగారిని స్టూలు ఎక్కించారు. కింద నుంచి ఎవరో అరిచారు. 

"మా డబ్బు లోపలుందా, లేదా? అది చెప్పు ముందు!"

"డబ్బు బ్యాంకులో ఊరికే కూర్చోదయ్యా. లారీ కొన్నవాడి దగ్గర, మిర్చి యాపారం చేసేవాడి దగ్గర ఉంటది. వాళ్లు కడుతుంటేనే మనకి వడ్డీ. అందరూ ఒక్కరోజే అడిగితే ఏ బ్యాంకూ ఇవ్వలేదు, ఢిల్లీలో ఉన్నదైనా సరే!"

ప్రతి అక్షరం నిజమే. ఆ నిజం అప్పుడా చెప్పేది?

"అంటే లోపల లేదన్నమాట!" అని జనం గగ్గోలు పెట్టారు.

ఆ తోపులాటలోంచి రత్నమణి పాసుబుక్కు గుండెకి అదుముకుని స్టూలు దగ్గరికొచ్చింది. మునిసిపాలిటీ వాళ్లు మాటిమాటికీ బండి ఎత్తుకుపోతుంటే విసిగి, బస్టాండు పక్కన ఒక గది మాట్లాడుకుంది. శుక్రవారం లోపల డబ్బు కట్టకపోతే గది ఇంకొకరిది.

"అన్నయ్యగారూ, నాకీ లెక్కలు తెలవ్వు. నలభై వేలు, నా బతుకంతా అదే. తియ్యమంటారా, ఉంచమంటారా?"

చుట్టూ అందరూ ఆయన నోటికేసి చూస్తున్నారు. ఈవిడ తీస్తే మిగిలినవాళ్లు ఆగరు. కుటుంబరావు స్టూలు మీంచే కిందికి వంగాడు.

"నా డబ్బు కూడా లోపలే ఉందమ్మా. నాది ఉన్నన్నాళ్లూ నీదీ ఉంటది. ఇంటికి పో. గురువారం నేనే దగ్గరుండి ఇప్పిస్తా."

రత్నమణి తల ఊపి వెళ్లిపోయింది. ఆమె వెనకే ఇంకొందరు కదిలారు.

మధ్యాహ్నం ఆయన అన్నానికి వస్తే దుర్గాంబ తలుపు గడియ పెట్టింది. బియ్యం డబ్బాలోంచి గుడ్డమూట తీసి చూపించింది. ఖాతా ఇద్దరి పేరా ఉంది మరి.

"బ్యాంకు వెనక గుమ్మంలోంచి వెళ్లా. 'మీ కోసం మా ఆయన బయట గొంతు చించుకుంటున్నాడు, మా డబ్బు మాకివ్వండి' అన్నా. మేనేజరుగారు కాదనలేకపోయారు."

"ఎంత పని చేశావే!" అన్నాడు కుటుంబరావు. మూట తీసుకుని బయల్దేరాడు, తిరిగి కట్టేద్దామనే. గుమ్మం దాకా వెళ్లాడు. మూటతో తనని ఎవరైనా చూస్తే? తీసుకున్నాడనుకుంటారు గానీ తిరిగి కడుతున్నాడని ఎవరనుకుంటారు? అడుగు పడలేదు. జనం పల్చబడ్డాక వెళ్దామనుకున్నాడు. జనం పల్చబడలేదు. సాయంత్రానికి క్యాష్ అయిపోయింది. మర్నాడు రిజర్వు బ్యాంకు ఆర్డరు వచ్చింది, మనిషికి వెయ్యికి మించి ఇవ్వడానికి వీల్లేదని. ఆ తర్వాత తాళమే పడింది.

శుక్రవారం గది సెల్‌ఫోన్ల వాడికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం రత్నమణి ఇంటికొచ్చింది. తలుపు సందులోంచి ఆమెని చూసి కుటుంబరావుకి పై ప్రాణాలు పైనే పోయాయి. కాలర్ పట్టుకుంటుందనుకున్నాడు. ఆమె అరుగు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది.

"మిమ్మల్నేమనను అన్నయ్యగారూ. మీదీ పోయిందిగా. కమీషనూ లేదు, ఎట్టా బతుకుతారు మీరు? రేపట్నించి నా బండి దగ్గర డబ్బులివ్వబాకండి."

అప్పుడన్నా చెప్పాల్సింది. బియ్యం డబ్బా పది అడుగుల్లో ఉంది. "సరేనమ్మా" అన్నాడు. మర్నాడు తినడానికి వెళ్లాడు కూడా. వెళ్లకపోతే అనుమానం వస్తుందేమోనని భయం. అలా రోజూ వెళ్లాడు. ఎవరైనా గట్టిగా పిలిస్తే చాలు, ఇడ్లీ గొంతులోనే ఆగిపోయేది. సిగ్గుమాలిన బతుకు అని తనకే తెలుసు.

రెండేళ్లు దాటాక డిపాజిట్లకి ఇన్సూరెన్స్ డబ్బు వచ్చింది. పాసుబుక్కులు తీసుకుని బ్యాంకు దగ్గరికి రమ్మని మైకులో చెప్పారు. పోగొట్టుకున్నవాళ్లంతా వెళుతుంటే తను వెళ్లకపోతే ఎలా? కుటుంబరావు కూడా ఖాళీ ఖాతా పాసుబుక్కు జేబులో పెట్టుకుని వరసలో చిట్టచివర నిలబడ్డాడు. కౌంటరు దాకా పోకుండానే మెల్లగా జారుకుందామని ఎత్తు. 

రత్నమణి ముందెక్కడో ఉంది. వెనక్కి తిరిగి చూసింది.

"అయ్యో, పెద్దాయన్ని ఎండలో నిలబెట్టారేంటి! రండి అన్నయ్యగారూ!"

వద్దు వద్దంటున్నా వినకుండా చెయ్యి పట్టి లాక్కొచ్చింది. జేబులోంచి తొంగి చూస్తున్న పాసుబుక్కు తనే తీసి కౌంటర్లో పెట్టింది. "ముందు ఈయనది చూడండి బాబూ, నాది తర్వాత."

కౌంటర్లో కుర్రాడు కాగితాలు తిరగేశాడు. "కుటుంబరావు, దుర్గాంబ. మీకేం రాదండీ. రిజర్వు బ్యాంకు ఆర్డరుకి ముందు రోజే మొత్తం తీసేసుకున్నారుగా."

వరసంతా విన్నది. రత్నమణి ఇంకా ఆయన చెయ్యి వదల్లేదు.

"నన్ను ఇంటికి పొమ్మన్నారే," అంది మెల్లగా, "అది తీసుకున్నాకా, తీసుకోకముందా?"

"నాకు తెలియకుండా జరిగిందమ్మా. ఒట్టు," అన్నాడు కుటుంబరావు. అది నిజమే. రత్నమణి చెయ్యి వదిలేసి, తన పాసుబుక్కు కౌంటర్లో పెట్టింది. మళ్లీ ఆయన వైపు చూడలేదు.