బోదె లేదని పెట్టిన సంతకం

అరవై దాటేదాకా నాకు రాయడం రాదు. వచ్చాక కూడా రెండేళ్ళపాటు ఈ సంగతి మొదట్నుంచీ రాయలేకపోయాను, సిగ్గుతో. నాకు అక్షరాలు నేర్పిన పిల్లకే నేను అబద్ధం చెప్పాను.

ఆ పిల్లది మా ఊరి దిగువ వీధి. అప్పుడు తొమ్మిదో తరగతి. రోజూ సాయంత్రం పలక పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేది. పెదపాడు దాటి కొల్లేటి వైపు వస్తే మా ఊరు. వానాకాలంలో వాళ్ళ వీధిలో మోకాలిలోతు నీళ్ళు నిలుస్తాయి. ఒక ఏడు మంచం మీద స్టవ్వు పెట్టుకుని వండుకున్నారు.

తాడేపల్లిగూడెం నుంచి వచ్చే సోషల్ టీచరమ్మ ఆ ఏడు పాఠం చెప్పడానికి బదులు ఒక ప్రశ్న ఇచ్చింది: దిగువ వీధిలో నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయి? ఉపగ్రహం తీసిన మా ఊరి ఫోటోలు రెండు, పాతదీ కొత్తదీ, ఏటేటా కురిసిన వానల పట్టికా కంప్యూటర్లోంచి తీసి ఇచ్చింది. జవాబు పిల్లలే వెతకాలి. ఫోటోలో కనిపించినదాన్ని ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి, కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి.

పిల్ల నా దగ్గరికే వచ్చింది.

“మామ్మా, వానలేం పెరగలేదండీ, పట్టికలో చూశాను. మరి నీళ్ళెందుకు నిలుస్తున్నాయంటారు? ఇదిగో, పాత ఫోటోలో సన్నగా నల్లటి గీత ఉంది చూడండి. మా వీధి నుంచి కొల్లేటి దాకా పోతోంది. ఇక్కడ నీళ్ళు పోయే బోదె ఉండేదాండీ?”

కొత్త ఫోటోలో ఆ గీత మధ్యలో ఆగిపోయింది. అక్కణ్ణుంచి నాలుగు పలకల నీలిరంగు. అది మా చేపల చెరువు. పొక్లెయిన్ వచ్చి ఆ మురుగుబోదెను పూడ్చిన రోజు, పనివాళ్ళకు మజ్జిగ పోసింది నేనే.

“బోదా? లేదమ్మా. నేను కాపురానికొచ్చిన కాడ్నించీ అది చేనే.”

“అయితే ఇది నీడేమో లెండి. సంతకం పెట్టండి. వేలిముద్ర వేశారో, మార్కులు కోసేస్తాను!” అని నవ్వింది.

పలక మీద తప్ప అప్పటిదాకా నేను ఎక్కడా సంతకం పెట్టలేదు. అక్షరాలు వంకర పోకుండా పెట్టాను.

నాలుగు రోజుల తరవాత తన జవాబు తెచ్చి, “ఇవాళ పాఠం ఇదే. మీరే చదవండి, ఏలూరులో జరిగే పోటీలో కూడా చదవాలంట మేము,” అంది. కూడబలుక్కుంటూ చదివాను. ‘గీత నీడ మాత్రమే. ఇక్కడ బోదె లేదని పెద్దలు చెప్పారు. మా వీధివాళ్ళు కాలవలో చెత్త వేయడం వల్లే నీళ్ళు నిలుస్తున్నాయి.’ కింద నా సంతకం.

“మీ వీధివాళ్ళ మీద నువ్వే రాశావా?”

“ఫోటో కంటే మీరు చెప్పిందే నమ్మానండీ. మా అమ్మకి కోపం వచ్చింది. మేం చెత్త వెయ్యలేదే అంటోంది. మరి బోదె లేకపోతే ఇంకేం కారణం ఉంటుందండీ?”

కాగితం తిరిగి పిల్ల చేతికిచ్చాను. బాగా చదివానని మెచ్చుకుని వెళ్ళిపోయింది.

అన్నం వడ్డిస్తూ మా ఆయనతో అన్నాను. “ఏవండీ, ఆ బోదె సంగతి బళ్ళో చెప్పేస్తానండీ.”

“చెప్పి? గట్టు తెగ్గొట్టమంటే తెగ్గొడతావా? ఆ చెరువు మీదే కదా బతుకుతున్నాం.”

“ఆ పిల్ల వాళ్ళవాళ్ళనే తప్పు పట్టిందండీ.”

ఆయన తల వంచుకుని తిన్నారు. పెరుగు వేస్తానంటే వద్దన్నారు.

మర్నాడు పొద్దున్న ప్రార్థన అయ్యే వేళకి బడికి వెళ్ళాను. టీచరమ్మ దగ్గర ఆ కాగితం అడిగి తీసుకున్నాను. పిల్లలందరూ చూస్తుండగా నా సంతకం కొట్టేసి, కింద రాశాను: ‘ఇక్కడ బోదె ఉండేది. చెరువు కోసం మేమే పూడ్చాం. నేను అబద్ధం చెప్పాను.’ మళ్ళీ సంతకం పెట్టాను. పిల్ల అది చదివింది. నా వైపు చూడలేదు. పాత ఫోటో తీసుకుని గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

నేను ముందు నడిచాను. క్లాసంతా వెనక వచ్చింది. మా చెరువు గట్టెక్కి, మేం మూసేసిన బోదె మొగ దగ్గర గుర్తుగా ఒక సరుగుడు కర్ర పాతాను.