రెబ్కా దగ్గు

ముందు దగ్గు వినిపిస్తుంది, ఆ వెనకే పాట. దర్శిలో మిరప కల్లం పక్కన జక్రయ్య ఒళ్లో టాబ్లెట్ పెట్టుకుని కూర్చుంటాడు. ఆరబోసిన కాయల ఎరుపు ఆయన ముఖం మీద తేలుతూ ఉంటుంది. తొడిమలు తీస్తూ, ఘాటుకు దగ్గుతూ, పోయిన భార్య రెబ్కా ఒకప్పుడు పాడిన పాట అది. ఆ రికార్డింగును పాటలు కూర్చే యాప్‌లో పెట్టి, ఆ గొంతు పక్కన తబలా చేరుస్తాడు, వేణువు చేరుస్తాడు. వయొలిన్ కూడా పెట్టగానే మెమరీ చాలక యాప్ మూసుకుపోతుంది. విసుక్కోడు. వయొలిన్ తీసేసి, కళ్లు మూసుకుని మళ్లీ వింటాడు.

నిన్న పాస్టరుగారు వచ్చి, "ఆదివారం చర్చిలో వేద్దాం, ఆ దగ్గు తీసెయ్యవయ్యా" అన్నారు. "తీసే ఎఫెక్టు పెడితే యాప్ ఆగిపోద్దండి" అన్నాడు జక్రయ్య. పాస్టరుగారు వెళ్లాక, అక్కడే ఉన్న నేను, మా ఇంట్లో ఎక్కువ మెమరీ ఉన్న పెద్ద టాబ్లెట్ ఇస్తానన్నాను. జక్రయ్య తెర మీది మిరప ధూళిని చొక్కా అంచుతో మెల్లగా తుడిచాడు.

"వద్దులెండి. దాంట్లో అన్నీ పడతాయి. అప్పుడు పాస్టరుగారికి ఏ వంక చెప్పను?"