చుక్క ఉన్న ముక్కుపుడక

యుద్ధం నడుస్తున్న రోజులు. పెళ్లైన కొత్తలో నాకు ఒంటిరాయి వజ్రపు ముక్కుపుడక మీద మనసైంది. మా వారికి బేగంబజారులో పప్పుల దుకాణం. ఓ రోజు దుకాణం కట్టేసి, అత్తమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని నాంపల్లిలోని మా కిరాయి ఇంటి నుంచి ఆబిడ్స్‌కు నడిపించారు.

నగల దుకాణం సేటు కరెంటు దీపం ఆర్పించి, మమ్మల్ని కిటికీ దగ్గరకు పిలిచాడు.

"బత్తి కింద గాజుముక్క గూడ మెరుస్తదమ్మా. పగటి ఎలుగుల చూడున్రి."

ముక్కుపుడకను తెల్ల కాగితం మీద పెట్టి భూతద్దం ఇచ్చాడు. ముందు మా వారు చూశారు. ఆయనకు తన కనురెప్ప వెంట్రుకలే కనబడ్డాయట. నేను చూస్తే రాయి లోపల ఒక అంచున, సూదిమొనతో పొడిచినట్టు నల్ల చుక్క. భూతద్దం తీస్తే చుక్కా లేదు, గిక్కా లేదు, ఒకటే మెరుపు.

"కంటికి ఆనని చుక్క మెరుపునేం జేస్తది? సాఫ్ రాయే కావాల్నంటే గిదే ధరకు చిన్నదొస్తది" అని సేటు ఇంకొకటి చూపించాడు.

సాఫ్‌గానే ఉంది పాపం. కానీ నా ముక్కు మీద దాన్ని వెతకడానికి కూడా భూతద్దం కావాలి. నాకు పెద్దదే కావాలి. అత్తమ్మ మాత్రం చుక్క చూసి దిగాలుపడింది.

"చుక్క రాయి ఇంట్ల కీడు తెస్తదంటరు బిడ్డా. వారం ఇంట్ల పెట్టి చూద్దాం. ఏం గాకుంటే కొందాం."

అప్పట్లో అది మామూలే. సేటు పొట్లం కట్టి ఇచ్చాడు.

పొట్లం దేవుడి గూట్లో పెట్టిన మర్నాడే పాలు విరిగాయి. నేను చప్పుడు చేయకుండా బెల్లం వేసి ఉడికించి, కోవా అని అందరికీ పెట్టాను. మా వారి సైకిలు దారిలో పంక్చరైంది. "నడిస్తె ఒంటికి మంచిదే అమ్మా" అని తల్లికి చెప్పి, నాకు కన్నుగీటారు. ఇస్త్రీపెట్టె నా చీరను కాల్చింది. కాలిన చోటు లోపలికి పోయేటట్టు కుచ్చిళ్లు దోపుకుని తిరిగాను. ఇల్లన్నాక ఏదో ఒకటి కాకుండా ఉంటుందా? ఆ వారం మాత్రం ఏం జరిగినా పాపం రాయి మీద పడుతుందని మా ఇద్దరికీ భయం. వంటింట్లో నోరు మూసుకుని ఎంత నవ్వుకున్నామో!

వారం నిండిన పొద్దున అత్తమ్మ పొట్లం విప్పింది.

"ఏం గాలే బిడ్డా. రాయి మనకు అచ్చొచ్చింది. ఇటు రా."

సంతోషంతో నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. నన్ను వెలుతురులో కూచోబెట్టి, ముక్కుపుడక పెట్టడానికి చెయ్యెత్తింది. కొంగు జారింది. మోచేయి వాచి ఉంది, చుట్టూ పసుపు కట్టు. వారమంతా ఆమె భుజం నిండా కొంగు కప్పుకుని ఎందుకు తిరిగిందో అప్పుడు తెలిసింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఏందత్తమ్మా గిది? ఎప్పుడైంది?"

"రాయి తెచ్చిన్నాడే. బావికాడ జారిన" అంది అత్తమ్మ, నా ముక్కు వదలకుండా. "గది రాయి తప్పు గాదు, పాచి తప్పు. కదలకు, మర పడ్తలేదు."